నిటారక్క కూర్చున్న రోజు

ఆ లాండ్రీలో నిటారక్క కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. టీ అయినా నిలబడే తాగేది, మధ్యాహ్నం డబ్బా అయినా బల్లమీద పెట్టుకుని నిలబడే తినేది. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఇస్త్రీబల్ల ముందు పాతిన గుంజలా నిలబడి ఇన్నేళ్ళు చేసిన చాకిరీలో ఆ పేరు ఎటో పోయింది. నడుం నిటారు కాబట్టి నిటారక్క. మాట కూడా అంతే అని, ఆమె నోటిదెబ్బ తిన్నవాళ్ళు చెప్పేవారు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళెవరైనా తెలియక స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చుంటే ఆమె ఏమీ అనేది కాదు. వాళ్ళు నీళ్ళు తాగడానికి లేచినప్పుడు కాలితో ఆ స్టూలును గదిలోంచి బయటికి నెట్టేసేది. "ఇస్త్రీ చేసేది చెయ్యి కాదు, నడుం. నడుం బరువు బట్టమీద పడాలి. కూర్చుంటే పడేది ముక్కుమీది చెమటే," అనేది. ఆ మాట పాత యజమాని దగ్గర నేర్చుకుంది. ఆయన ఒకసారి చెప్పి మర్చిపోయాడు, ఈమె మాత్రం అదేదో చట్టమైనట్టు అమలు చేసింది.

లాండ్రీ ముందుగదిలో కౌంటరు, కవర్లు తొడిగి వేలాడదీసిన కోట్లు, గౌన్లు. మధ్యగదిలో ఉతుకుడు యంత్రాలు, తొట్లు, వాటి మధ్య చీలమండల దాకా తడిసి తిరిగే నురగన్న. అన్నిటికన్నా వెనక ఇస్త్రీగది. రేకుల కప్పు, పక్కనే బాయిలరు, పక్కింటి గోడను చూసే ఒక కిటికీ. పెరటి తలుపు ఒకటి ఉండేది గానీ, తెరిస్తే దుమ్ము వస్తుందని పాత యజమాని దానికి అడ్డంగా ఇనప బీరువా పెట్టించాడు. ఆయన పోయాడు, బీరువా ఉంది. ఆ గదికి ఎండాకాలం, చలికాలం అని రెండు ఉండవు, ఏడాది పొడుగునా ఒకటే కాలం.

నిటారక్కకు తన ఎడమచెయ్యి అంటే మహా గర్వం. పెట్టె ఎంత కాలిందో చూడ్డానికి అందరూ నీటిచుక్క వేసి చుయ్యిమంటుందో లేదో వింటారు. ఆమె మాత్రం ఎడమచేతి వెనకవైపు పెట్టె అడుగుకు దగ్గరగా, తాకీ తాకకుండా పట్టి, ఇది సిల్కుకు, ఇది నూలుకు అని తేల్చేసేది. నీళ్ళు చల్లేవాళ్ళను చూస్తే ఆమెకు నవ్వు. "పాపం, పెట్టెకు జలుబు చేస్తుందిరా," అనేది.

మొండికేసింది మొదట ఆ చెయ్యే. ఒకరోజు పొద్దున తిమ్మిరితో లేచింది. నిద్రలో ఒంటికింద పడి నలిగిందనుకుంది. చెయ్యి నలిగితే గంటలో కోలుకోవాలి, ఇది వారాలైనా కోలుకోలేదు. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె షాకు కొట్టడం మొదలైంది. తలవంచి కాలరు మీదికి చూసినప్పుడల్లా మెడలో పుట్టి వెన్ను పొడుగునా కాళ్ళదాకా జివ్వున కరెంటు దిగేది. యజమాని మీద అరిచి ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. అతను వైరు మార్చాడు, ప్లగ్గు మార్చాడు, ఆమె కాళ్ళకింద రబ్బరు పట్టా వేశాడు. మళ్ళీ షాకు.

"అక్కా, పెట్టెలో ఏ లోపమూ లేదు," అన్నాడు ఎలక్ట్రీషియన్, మీటరు చూపిస్తూ.

"అయితే నీ మీటర్లో ఉంది."

ఒక మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. పని ఆపి, బల్లకింద చెప్పు వెతుక్కుందామని తలవంచింది. జివ్వున దిగింది. పెట్టె చల్లగా, వైరు విడిగా, గోడకు దూరంగా పడి ఉంది. అది చూస్తూ కాసేపు నిలబడింది. ఆ రోజు నుంచి ఎలక్ట్రీషియన్ని తిట్టడం మానేసింది, ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు.

వీధి చివర మందుల దుకాణం వాడు బలం బిళ్ళలిచ్చాడు. పిడుక్కీ బియ్యానికీ వాడిదొకటే మంత్రం. బిళ్ళలు మింగుతుండగానే ఎడమకాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ఒకరోజు ఒంటి చెప్పుతో పనికి వచ్చేసింది. రెండోది దారిలో ఎక్కడ జారిందో పాదానికి తెలియనే లేదు. అడిగినవాళ్ళకు తెగిపోతే పారేశానంది. వేడి ముదిరే మధ్యాహ్నాలు కాలు మరీ బరువెక్కేది, సాయంత్రం చల్లబడితే ఏమీ ఎరగనట్టు మామూలుగా నడిచేది. రోగాలు కూడా షిఫ్టుల్లో పనిచేస్తాయి కాబోలు అనుకుంది.

ఇంతలో ఎర్రకోట్లు వచ్చాయి.

ఊళ్ళో ఊరేగింపులకు వాయించే బ్యాండువాళ్ళవి అవి. భుజాలకు జరీ, ఇత్తడి బొత్తాలు, మిగతాదంతా నిప్పులాంటి ఎరుపు. వాటిని ఉతకడం నురగన్నకు చాలా ఏళ్ళుగా అలవాటైన పని. తన తొట్లో ఒక బట్ట రంగు ఇంకో బట్టకు అంటలేదని, ఒక రంగు వెలిసిపోలేదని అతనికి గొప్ప. మనిషి మెత్తన, గొంతు మెత్తన, ఆ ఒక్క విషయంలోనే మీసం దువ్వేవాడు.

మొదటి కోటు బల్లమీద పరిచి నిటారక్క ఆగిపోయింది. ఎరుపు వెలిసిపోయి పాత ఇటుకలా ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కోటు పట్టుకుని సరాసరి మధ్యగదిలోకి వెళ్ళింది.

"ఏం పోశావన్నా వీటికి? రంగంతా తినేశావు."

నురగన్న చేతులు తుడుచుకుని కోటును వెలుతురులోకి తిప్పి చూశాడు. "బాగానే ఉంది కదమ్మాయ్."

"బాగుందా? కళ్ళద్దాలు పెట్టుకో. పౌడరు మార్చి చవకది తెచ్చావు, అంతే."

"నేనెందుకు మారుస్తాను. అదే డబ్బా, అదే గరిటె."

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వరసగా కొన్ని రోజులు ఆమె గొంతు కౌంటరు దాకా వినిపించింది. మిగతావాళ్ళు కోటు చూసి, ఆమె మొహం చూసి, కొంచెం వెలిసినట్టే ఉందన్నారు. నిటారక్క ఒకటి చెబితే కాదనేవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. యజమాని నురగన్నను పిలిచాడు. అతను పాత యజమాని కొడుకు, చిన్నప్పుడు ఈ గదుల్లోనే బట్టల గంపల్లో పడుకుని పెరిగినవాడు, చెడ్డవాడు కాదు గానీ నష్టమంటే వణుకు. బ్యాండువాళ్ళు గొడవ చేస్తే ఆ ఖర్చు నీదేనన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే నీ బదులు నీళ్ళూ సబ్బూ తనే చూసుకునే యంత్రం వస్తుందన్నాడు. నురగన్న తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం బాయిలరు ఊపిరి తీస్తుంటే, చెమట కంట్లోకి దిగి నిటారక్క ఎడమ మోచేత్తో కుడికన్ను తుడుచుకుంది. ఆ ఒక్క క్షణం బల్లమీది కోటు నిప్పులా భగ్గున ఎర్రబడింది. చెయ్యి తీసింది. వెలిసిపోయింది. మళ్ళీ కుడికన్ను మూసింది, ఎర్రన. ఎడమకన్ను మూసింది, ఇటుక. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మేకుకు తగిలించిన ఇంకో కోటు మీద చూసింది, అగ్గిపెట్టె మీది బొమ్మ మీద చూసింది. ఎరుపు ఎక్కడా పోలేదు. పోయింది ఆమె కుడికంట్లో.

ఆమెకు భయం వేసింది. చెయ్యి, వెన్ను, కాలు, ఇప్పుడు కన్ను. ఇవి నాలుగు జబ్బులు కావని, ఒకటే ఏదో లోపల నడుస్తోందని ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆ భయంలోనే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ విషయం తనకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే కోట్లు వెళ్ళిపోతాయి, తప్పు నురగన్న మీద ఉండిపోతుంది, తన బల్ల తనకు ఉంటుంది.

అది ఆలోచించినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. పెట్టె నిలబెట్టి, కోటు తీసుకుని మధ్యగదిలోకి నడిచింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమెకు ఒకే నెలలో రెండూ జారాయి.

"అన్నా, నీ తొట్లో తప్పులేదు. నా కంట్లో ఉంది."

నురగన్న తిరిగి చూడలేదు. కర్రతో నీళ్ళు కలుపుతూనే ఉన్నాడు. "అరిచినప్పుడు వీధికి వినిపించింది. ఇప్పుడు నాకు ఒక్కడికే వినిపిస్తోంది."

అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆమె ముందుగదికి వెళ్ళి, కౌంటరు దగ్గర బట్టలిచ్చేవాళ్ళు నిలబడి ఉండగా, అరిచినంత గట్టిగానే చెప్పింది. కోట్లు బాగున్నాయి, నురగన్న పని బాగుంది, నా కుడికన్నుకు ఎరుపు కనిపించడం లేదు. అడ్డుకట్ట తెగాక మిగతావి కూడా వచ్చేశాయి. చెయ్యి, షాకు, కాలు, చెప్పు. వింటున్నకొద్దీ యజమాని మొహం పాలిపోయింది.

"అక్కా, మరి ఇన్నాళ్ళూ ఆ చేత్తోనేనా పెట్టె వేడి చూస్తున్నావు?"

"ఏ ఒక్క బట్టయినా కాలిందా?"

"రేపు కాలితే? బట్ట కాదు, నువ్వు కాలితే?" గొంతు తగ్గించాడు. "డాక్టరు దగ్గరికెళ్ళు. పనికి పనికొస్తావని కాయితం తీసుకురా, నీ బల్ల నీదే. అందాకా ఇంట్లో విశ్రాంతి తీసుకో."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. విశ్రాంతి అనే మాట నెలజీతగాళ్ళది. మడతకింత అని కూలి తీసుకునేవాళ్ళకు విశ్రాంతి అంటే పొయ్యికి విశ్రాంతి. ఆరోగ్యబీమా అంటారా, అదీ నెలజీతగాళ్ళకే. ఇస్త్రీగదిలో చేసేవాళ్ళు లెక్కప్రకారం ఆ లాండ్రీ మనుషులే కారు. ఎప్పుడో వచ్చి వెళ్ళేవాళ్ళ కిందే జమ, ఎన్నేళ్ళు వచ్చి వెళ్ళినా సరే.

నిటారక్కకు ఒక్కతే కూతురు, బస్సుల డిపోలో టికెట్లమ్ముతుంది. విషయం తెలియగానే తల్లి మీద ఒక గంట అరిచి, తర్వాత పక్కన కూర్చుని ఏడ్చి, మర్నాడు బీమా ఏజెంటును వెతికి పట్టుకుంది. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏ జబ్బూ లేదని ముందే రాసిస్తేనే చేర్చుకుంటారట. తర్వాత ఉందని తేలితే పైసా ఇవ్వరట."

"అయితే మురికిలేని బట్టలే ఉతుకుతారన్నమాట," అంది నిటారక్క.

ఇలాంటివి స్కాను తీస్తేగానీ తేలవని డిపోలో ఎవరో చెబితే, బయట స్కానింగు చేసేచోట రేటు అడిగి వచ్చారు. ఆ రేటు వింటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మిగిలింది ప్రభుత్వాసుపత్రి. అక్కడ స్కాను ఊరికే చేస్తారు గానీ, ముందు నరాల డాక్టరు చూసి అవసరమని రాయాలి. ఆయన్ని చూడాలంటే వరసలో నిలబడాలి. నిలబడటంలో నిటారక్కకు పోటీ ఎవరున్నారు?

పొద్దున్నే వెళ్ళారు. నరాల విభాగం నేలమాళిగలో ఉంది, యంత్రాల కోసమని అక్కడ ఎప్పుడూ చల్లటి గాలి వదులుతారు. జనం బెంచీల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. నిటారక్క గోడపక్కన నిలబడింది. గంటలు గడిచేకొద్దీ ఆమెకు విచిత్రంగా అనిపించింది. కాలు తేలికైంది. చెయ్యి కూడా సగం తనదైంది. గోడమీద వేలాడుతున్న నిప్పులార్పే ఎర్రసిలిండరును ఒక కన్నుతో, ఇంకో కన్నుతో చూసింది. రెండింటికీ దాదాపు ఒకేలా ఉంది. ఆమెకు సంతోషం వేసింది, ఆ వెంటనే అనుమానమూ వేసింది.

డాక్టరు నడివయసువాడు. కళ్ళకింద చారలు, బల్లమీద చల్లారిన టీ, గుమ్మంలో ఇంకా తరగని వరస. ఆయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు, వేలిని చూపుతో వెంబడించమన్నాడు, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవమన్నాడు. ఆమె కవాతు చేసినట్టు నడిచింది.

"నడక బాగానే ఉంది. చూపూ పర్వాలేదు. పని ఎక్కువై నరాలు అలిసిపోయుంటాయి."

"ఇస్త్రీ గదిలో ఉన్నప్పుడు ఇలా ఉండదండీ. వేడిలో..."

"వేడిలో ఎవరికైనా నీరసమే అమ్మా." ఆయన అప్పటికే రాస్తున్నాడు. "పనికి కాయితం కావాలన్నారు కదా?"

కూతురు రెండు చేతులతో అందుకుంది. పనిచేయడానికి తగిన ఆరోగ్యంతో ఉన్నారు అని రాసి, కింద సంతకం, ముద్ర. యజమాని అడిగింది అక్షరాలా అదే. ఆ కాయితం చూపిస్తే మర్నాడు పొద్దున నిటారక్క తన బల్ల ముందు నిలబడవచ్చు.

"పదమ్మా," అంది కూతురు, మెట్లెక్కుతూ. ఎన్నో రోజుల తర్వాత దాని మొహంలో రంగు వచ్చింది. "చూశావా, ఏమీ లేదన్నాడు. నేను అనవసరంగా ఏడ్చాను."

బయట ఎండ నడినెత్తిన ఉంది. ఆసుపత్రి ఆవరణ దాటి గేటు దగ్గరికి వచ్చేసరికి నిటారక్క ఎడమకాలు సిమెంటు మీద గీసుకుంటోంది. గేటు పక్కన అంబులెన్సు ఆగి ఉంది. దానిమీది ఎర్రగీత ఆమె చూస్తుండగానే కుడికంట్లో నెమ్మదిగా ఇటుక రంగుకు తిరిగింది. ఆమె ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"వచ్చేసింది. డ్యూటీ ఎక్కింది." వెనక్కి తిరిగి మెట్లవైపు చూసింది. "అక్కడ చల్లగా ఉంది, అందుకే దాక్కుంది. పద, ఆయనకు చూపిద్దాం."

కూతురు చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీకేమన్నా పిచ్చా? కాయితం ఇచ్చేశాడు. ఇప్పుడు వెళ్ళి జబ్బుందని రుజువు చేస్తే వెనక్కి తీసుకుంటాడు. పని పోతుంది. బీమావాళ్ళు జన్మలో తీసుకోరు. ఏమీ లేదని ఒక పెద్ద డాక్టరే అంటుంటే ఉందని నువ్వు పోట్లాడతావా?"

కూతురు చెప్పినదంతా నిజమే. నిటారక్కకు ఆ కాయితం కావాలనే ఉంది. అది బల్లను ఇస్తుంది, కూలిని ఇస్తుంది, కొన్నాళ్ళ దాకా ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని బతుకును ఇస్తుంది. ఆ తర్వాత ఒకరోజు పెట్టె కాలుతున్నా చేతికి తెలియదు. ఇంకోరోజు వీధి దాటుతుంటే కాలు రాదు. అప్పుడు కూడా జబ్బుకు పేరుండదు, అలసట అంటారు.

"నురగన్న మీద ఇలాగే పెట్టానే," అంది నెమ్మదిగా. "నా కంట్లో తప్పుంటే తొట్లో ఉందన్నాను. ఇప్పుడు నరాల్లో తప్పుంటే పనిలో ఉందంటే ఎలా? నా ఒంట్లో ఎవరు జొరబడ్డారో నాకు తెలియాలి. తెలియకుండా తిండి పెట్టి పోషించను."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "మొండివాడు రాజుకన్నా బలవంతుడట. నీ దగ్గర ఆ రాజెంత," అంది విసుగ్గా. కానీ చెయ్యి వదిలింది.

నిటారక్క వెంటనే లోపలికి వెళ్ళలేదు. చల్లటి వరసలో మళ్ళీ నిలబడితే జబ్బు మళ్ళీ దాక్కుంటుంది. ఎండలో ఆసుపత్రి ఆవరణ చుట్టూ గబగబా నడిచింది. ఒక చుట్టు తిరిగి ఇంకో చుట్టు. సైకిళ్ళ దగ్గర కాపలావాడు ఏదో మొక్కు తీర్చుకుంటోందనుకుని దారి ఇచ్చాడు. కాలు పూర్తిగా మొద్దుబారి, తల వంచితే వెన్నులో జివ్వుమనే దాకా నడిచి, కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగి, వరసను దాటుకుని పోయింది. ఎవరో ఇది మా వంతు అన్నారు. "నాది అయిపోయింది, ఆయన పని సగంలో వదిలేశాడు," అని లోపలికి నడిచింది.

గది ఈ చివర నుంచి ఆ చివరకు ఎవరూ అడక్కుండానే నడిచి చూపించింది. ఎడమపాదం నేలను ఊడ్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకసారి పడబోయి బల్ల పట్టుకుంది. డాక్టరు లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు చూడండి," అంది ఆయాసపడుతూ. కాయితం ఆయన ముందు పెట్టింది. "ఇది చల్లగా ఉన్న మనిషికి రాసిచ్చారు. ఈ మనిషికి కూడా రాసిస్తే తీసుకెళ్తాను."

డాక్టరు ఆమెను కూర్చోమని, వద్దంటే నిలబెట్టే, మొదటినుంచి చూశాడు. కంట్లోకి వెలుతురు వేసి చాలాసేపు చూశాడు. ఎర్రమూత ఉన్న సీసా ఒకటి తీసి ఒక్కో కన్ను మూయించి రంగు అడిగాడు. మెడ వంచమన్నాడు. గుమ్మంలో వరస సణుగుతున్నా తలెత్తలేదు.

"వేడికి పెరుగుతుందని ముందే చెప్పాల్సింది."

"చెప్పానండీ. మీరు రాస్తున్నారు."

ఆయన తల వంచుకున్నాడు. "తప్పు నాదే," అన్నాడు. తర్వాత విషయం చెప్పాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు ఒకటుంది, అదేనని ఇప్పుడు చెప్పలేను, తలకూ వెన్నుకూ స్కాను తీస్తేగానీ తేలదు, కాకపోవచ్చు కూడా. నరాలమీద ఒక తొడుగుంటుంది, ఈ జబ్బులో ఆ తొడుగు అక్కడక్కడా ఊడిపోతుంది.

"మరి అంతా ఒకేసారి పోకుండా కాసేపు పోవడం, కాసేపు రావడం ఏమిటి?"

"ఇస్త్రీపెట్టె వైరు చూశారుగా. పైతొడుగు పోతే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. వేడెక్కితే ఇంకా మొరాయిస్తుంది."

ఆమె నవ్వింది. పాపం, ఆ ఎలక్ట్రీషియన్ మీద ఎంత అరిచింది. "వైరు మార్చడానికి కుదరదేమో," అంది.

"మార్చలేం. కానీ ఇంకా ఊడకుండా ఆపే మందులున్నాయి, అదే అయితే. చల్లగా ఉండాలి. అలిసిపోయే దాకా నిలబడకూడదు." స్కానుకు వరసలో ముందు పెట్టమని రాశాడు. మొదటి కాయితాన్ని చేతిలోకి తీసుకుని ఆమె మొహం చూశాడు. చించడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఆమే తీసుకుని నిలువునా చించి ఆయన బల్లకింద బుట్టలో వేసింది. కూతురు గోడవైపు తిరిగింది.

మర్నాడు పొద్దున, ఇంకా చల్లగా ఉండగానే, నిటారక్క లాండ్రీకి వచ్చింది. యజమాని కౌంటరు వెనక లేచి నిలబడ్డాడు. "కాయితం తెచ్చావా అక్కా?"

"తేలేదు. జబ్బు ఉండి ఉండొచ్చన్నారు. స్కానుకు రాశారు."

"మరి..." అన్నాడతను, ఎటు చూడాలో తెలియక.

"మరి లేదు, గిరి లేదు. నువ్వు గంపలో పడుకుని పాలసీసా చీకిన నాటినుంచి ఈ షాపు కాలర్లు నేను చేస్తున్నాను. నీకు చేసేది కావాలంటే నేనున్నాను. కాయితం కావాలంటే కాయితంతోనే ఇస్త్రీ చేయించుకో." ఆమె ఇంకాస్త గొంతు పెంచింది. "నేను కాలకుండా, బట్ట కాలకుండా చేస్తాను. ఎలా చేస్తానో వచ్చి చూడు. చూశాక వద్దంటే పోతాను."

లోపలికి నడిచి ఇస్త్రీగది గుమ్మంలో ఆగింది. బాయిలరు అప్పుడే వేడెక్కుతోంది. పెరటి తలుపుకు అడ్డంగా ఉన్న బీరువాను రెండు చేతులతో నెట్టింది. అది కదల్లేదు. ఎడమచెయ్యి జారింది. మళ్ళీ నెట్టింది. అప్పుడు వెనకనుంచి రెండు తడిచేతులు వచ్చి బీరువామీద ఆనాయి.

"తప్పుకో అమ్మాయ్. నడుం పెట్టి నెట్టాలి, నోరు పెట్టి కాదు," అన్నాడు నురగన్న.

బీరువా నేలను గీసుకుంటూ జరిగింది. తలుపు తెరుచుకుంది. దుమ్ముతోపాటు గాలి వచ్చింది. ఇద్దరూ కలిసి బల్లను గాలికి ఎదురుగా తిప్పారు. గుమ్మంలో యజమాని, ఇంకా ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. నిటారక్క ముందుగదికి వెళ్ళి, కౌంటరు దగ్గరి ఎత్తు స్టూలును తనే ఈడ్చుకొచ్చి బల్ల ముందు వేసింది.

దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని స్టూళ్ళను కాలితో నెట్టిందో, అవన్నీ ఇప్పుడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నట్టు అనిపించింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

ఆమె నీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి పెట్టె అడుగున ఒక చుక్క విదిల్చింది. చుయ్యిమంది. "నవ్వుకోండర్రా, పర్వాలేదు," అంది. ఎవరూ నవ్వలేదు. బ్యాండువాళ్ళ కోట్లలో మిగిలినవాటిలో ఒకదాన్ని బల్లమీద పరిచి పని మొదలుపెట్టింది. కూర్చుంటే చెయ్యి ఎత్తు సరిపోలేదు. స్టూలు ముందుకు లాక్కుంది, ఒక మడత పాడైంది, తడిపి మళ్ళీ చేసింది. రెండో కాలరుకు చెయ్యి కుదిరింది. మూడోది గుమ్మంలో ఉన్నవాళ్ళ దాకా మెరిసింది.

అప్పటికి ఎండ రేకులమీదికి ఎక్కింది. గాలి వస్తున్నా కుడికంట్లో ఎరుపు మెల్లగా వెలవడం మొదలుపెట్టింది. ఆమె కోటును ఎత్తి పట్టుకుంది.

"అన్నా, ఎరుపెలా ఉంది?"

నురగన్న దగ్గరికి వచ్చి, వెలుతురులోకి తిప్పి, తీరిగ్గా చూశాడు.

"ఎర్రగా ఉంది."

"నిజం చెప్పు."

"నిప్పులా ఉంది. వెలిస్తే నేనే చెప్తాను, నువ్వు అరవక్కర్లేదు."

ఆమె తలూపింది. కోటును మడత చెదరకుండా పక్కన పెట్టి, గుమ్మంలో ఇంకా నిలబడే ఉన్న యజమానివైపు చెయ్యి చాపింది.

"నిలబడ్డవాడివి ఎలాగూ నిలబడ్డావు. ఆ తర్వాతి కోటు ఇలా అందుకో బాబూ."

అతను అందించాడు.